ముందే కొంటే చవకేనా?

పొద్దున గుంటూరు మిర్చి యార్డు బయట టీ తాగుతున్నా. ఆ ఘాటుకి గుక్కకో తుమ్ము.

పక్కన ఇద్దరు కుర్రాళ్లు. హైదరాబాద్‌లో చదువుకుంటూ గచ్చిబౌలి స్టేడియంలో ఫుట్‌బాల్ చూసిన రోజులు తవ్వుకుంటున్నారు.

"ముందే కొన్నవాడికి టికెట్ తగ్గించి ఇవ్వాలిరా. జట్టుని నమ్మి డబ్బులు కట్టేది వాడేగా!"

"తీరా ఆ రోజు సెలవు దొరక్కపోతే? జీతం పడ్డాకే కొనుక్కునేవాడు ఏం పాపం చేశాడ్రా?"

బెంచీ మీద కూర్చున్న రైతు పెద్దాయన నవ్వాడు.
"మాకూ అంతేనయ్యా. కాయ కొయ్యకముందే అడ్వాన్సు పుచ్చుకుంటే రేటు తగ్గించే రాసుకుంటారు."

నా టీ చల్లారిపోయింది.

నిజమే కదా. డిస్కౌంటంటే దయ కాదు. రేపు ఏమవుతుందోనన్న భయాన్ని ముందే మోసినవాడికి ఇచ్చే కూలి. వాన పడొచ్చు, తెగులు రావొచ్చు, జట్టు ఓడొచ్చు. డబ్బు ఎవరికి ముందు అవసరమో, వాళ్లే కాస్త వదులుకోవాలి.

ఇంకోటీ గుర్తొచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ కప్పు కొట్టింది ఆ గచ్చిబౌలి జట్టు, హైదరాబాద్ ఎఫ్‌సీ. 2025లో ఆ జట్టే పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది.

టికెట్ డబ్బులు సరే. అభిమానాన్నే అడ్వాన్సుగా కట్టేసినవాళ్లకి ఎవరు తగ్గించి ఇస్తారు?

మీరు ముందే కొనే రకమా, గేటు దగ్గర చూసుకుందాంలే అనే రకమా? చెప్పండి.