లేబర్ రూమ్ గోడమీది గీత

ప్రభుత్వాస్పత్రి లేబర్ రూములో గోడ కనబడనన్ని ప్రోటోకాల్ పోస్టర్లుంటాయి. వాటిలో ఉన్నది పాటించడం మాకు నేర్పారు. అది ఏ స్త్రీలను చూసి రాసింది, ఎందుకు రాసింది, ఇక్కడ కుదురుతుందా అని అడగడం మాత్రం మా డాక్టర్ల చదువులో పెద్దగా లేదు. ఆ ప్రశ్నలు మా వార్డులో నేను ఎక్కువగా విన్నది మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ల నోట. 2017లో యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌ల తోడ్పాటుతో తెలంగాణ ఈ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది చివర్లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. శిక్షణ 18 నెలలు. కాన్పు చేయడం ఆ సిస్టర్లకు అంతకుముందే వచ్చు. చేతికిచ్చిన సూచనను తూచి చూడడం ఆ తర్వాత వచ్చిన విద్య.

ఒక తొలి కాన్పు చెబుతాను. చేరేసరికి గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. ఆరు గంటల తర్వాత చూస్తే ఐదు. నొప్పులు ఎంత ముందుకు సాగాయో గీసి చూపే పాత పట్టిక, అదే పార్టోగ్రాఫ్ ప్రకారం అలర్ట్ గీతే కాదు, యాక్షన్ గీత కూడా దాటేసింది. డ్యూటీ డాక్టరు కేస్ షీట్‌లో సిజేరియన్ అని రాశాడు. బయట అత్తగారు, "పిల్ల ఓర్సుకుంట లేదు మేడం, ఆపరేషన్ జేసెయ్యుండ్రి" అని నా కొంగు పట్టుకున్నంత పని చేసింది.

సిస్టర్ ఆ షీట్ నా ముందు పెట్టి నెమ్మదిగానే చెప్పింది: "బిడ్డ గుండె బాగుంది మేడమ్. ఉమ్మనీరు తేటగా ఉంది. తల దిగుతోంది. గీత దాటిందన్న మాట తప్ప కొయ్యడానికి నాకు వేరే కారణం కనబడట్లేదు. ఆ గీత ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలుసు కదా."

తెలుసు. 1955లో న్యూయార్క్‌లో ఫ్రీడ్‌మన్ 500 మంది తొలిచూలు స్త్రీల కాన్పుల తీరును గ్రాఫుగా గీశాడు. వాళ్లలో చాలామందికి మత్తిచ్చారు, సగానికి పైగా ఫోర్సెప్స్ వేశారు. 1972లో అప్పటి రొడీషియాలో ఫిల్‌పాట్, కాజిల్ అనే డాక్టర్లు దానికి అలర్ట్, యాక్షన్ గీతలు చేర్చారు. వాళ్ల ఉద్దేశం చాలా మంచిది. పల్లె క్లినిక్‌లో ఒంటరిగా ఉన్న మిడ్‌వైఫ్‌కు తల్లిని పెద్దాస్పత్రికి ఎప్పుడు పంపాలో తెలియాలి. రెండు గీతల మధ్య ఉన్న నాలుగు గంటలు దారిలో గడిచే సమయాన్ని కూడా లెక్కలో పెట్టుకున్నవి. ఆపరేషన్ థియేటర్ పక్క గదిలోనే ఉన్న మాకు ఆ గీత "ఇక పంపించు" నుంచి "ఇక కొయ్యి"గా మారిపోయింది. నైజీరియా, ఉగాండా తల్లులను గమనించిన అధ్యయనాలు వచ్చాక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చురుకైన నొప్పుల దశను ఐదు సెంటీమీటర్ల నుంచి లెక్కించమంది. గంటకో సెంటీమీటరు కాలేదన్న ఒక్క కారణంతో తొందరపడొద్దంది. 2020లో వచ్చిన కొత్త పట్టికలో ఆ ఏటవాలు గీతలే లేవు. ఐదు దగ్గర ఆరు గంటలు కదలకపోతేనే హెచ్చరిక. తొమ్మిది దగ్గరైతే రెండు గంటలకే.

ఆ అమ్మాయిని మంచం దింపి నడిపించారు. అత్తగారినే లోపలికి పిలిచి నడుము రుద్దమన్నారు. ఆ రాత్రే మామూలు కాన్పయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఒక్కొక్క కోతకూ కేస్ షీట్‌లో ఏదో ఒక కారణం రాసే ఉంటుంది. ఆ కారణాల వెనక ఎన్ని పాత గీతలున్నాయో అన్నది నన్ను వదలని బాధ. అలాగని కోత ఎప్పుడూ వద్దని కాదు. ఇంకో రోజు ఉమ్మనీరు పచ్చగా వచ్చి బిడ్డ గుండె వేగం పడిపోతుంటే, ఇదే సిస్టర్ నన్ను అడగడానికి కూడా ఆగకుండా తల్లిని థియేటర్‌కు తోసుకొచ్చింది.

రూలు గట్టిగా పట్టుకోవలసిన చోట కూడా వాళ్లే పట్టుకున్నారు. మాయ పడ్డాక రక్తం పోతున్న ఒక తల్లి దగ్గర జూనియర్ డాక్టర్ "ఇది మామూలే" అన్నాడు. ఎదురుగా చూస్తే నిజంగానే ఎక్కువ అనిపించదు. బట్టలోకీ, పరుపులోకీ ఇంకిపోతుంది. సిస్టర్ నడుము కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ పరిచి ఉంచింది. దాని కొసన సంచిలో రక్తం 500 మిల్లీలీటర్లు దాటింది. పొట్టమీద గర్భాశయాన్ని రుద్దుతూనే ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్ ఒకేసారి మొదలుపెట్టించింది. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి అని వేచి చూడలేదు. ఇలా డ్రేప్‌తో కొలిచి, చికిత్సలన్నీ ఒక్కసారిగా ఇస్తే ప్రాణాపాయపు రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయని నాలుగు ఆఫ్రికా దేశాల 80 ఆస్పత్రుల అధ్యయనం 2023లో చూపింది. అలాంటి డ్రేప్‌ను ముందు వాడి చూసింది మన పక్క రాష్ట్రంలోని బెళగావిలోనే. అయినా మన లేబర్ రూముల్లో చాలాచోట్ల ఇప్పటికీ కంటితోనే కొలుస్తారు.

మార్గదర్శకాలను తూచడానికి అగ్రీ-2 అని 23 ప్రశ్నల సాధనం ఉంది. ఆచరణకు కుదురుతుందా అన్నది అందులో ఒక భాగం. మార్కులు వేసేవాళ్లు ఆ భాగాన్ని తొందరగా దాటేస్తారని నా అనుమానం. నొప్పుల్లో అరగంటకోసారి, ముక్కుతున్నప్పుడు ఐదు నిమిషాలకోసారి బిడ్డ గుండె వినాలని సూచన. రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్, నాలుగు మంచాలు. ఒక తల్లి ముక్కడం మొదలుపెడితే మిగతా ముగ్గురి దగ్గర డాప్లర్ ఎవరు పెడతారు? ఈ ప్రశ్న మా సమీక్షా సమావేశంలో ఒక సిస్టర్ అడిగితే, పాటించనందుకు సంజాయిషీ చెబుతోందని కొందరనుకున్నారు. ఆమె చేస్తున్నది సరిగ్గా ఆ మూల్యాంకనమే. ఆ సూచన రాసినవాళ్లకు అందాల్సిన సమాచారం అది.

ఇప్పుడు రక్తస్రావం సూచన మళ్లీ మారింది. 2025 అక్టోబరులో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మార్గదర్శకం ప్రకారం 500 దాకా ఆగక్కర్లేదు, 300 మిల్లీలీటర్లకే నాడి, బీపీ తేడాగా ఉంటే చికిత్స మొదలుపెట్టాలి. చదవగానే నాకు చాలా బాగుందనిపించింది. మా సిస్టర్లు కూర్చుని లెక్క వేశారు. నాడి, బీపీ తేడా తెలియాలంటే కాన్పయ్యాక పావుగంటకోసారి చూడాలి. అంటే రాత్రి షిఫ్టుకు ఇంకో మనిషి, ఇంకో బీపీ మిషను కావాలి. అది కాగితం మీద పెట్టి సంతకాలు చేసి సూపరింటెండెంట్‌కు ఇచ్చారు. కింద నా సంతకం కూడా ఉంది.