భోజనపు బల్లమీది పనిబల్ల

చేతిపనిని గౌరవింపవలెనని మనము సభలలో తఱచుగా చెప్పుచుందుము. కాని మన యిండ్లలో చేతిపనికెంత చోటు విడిచితిమని యెవరైన నడిగినచో బదులు చెప్పుట కష్టము. పూజకు చోటు గలదు, పడకకు గలదు, టెలివిజనునకు గలదు. సుత్తికిని ఆకురాయికిని మాత్రము లేదు. ఈ కొఱత మా యింట కొంతవఱకు తీరిన విధమును చదువరులకు విన్నవింతుము.

మా కోడలు వెండినగలు చేయుట నేర్చినది. మేముండునది రెండుగదుల అద్దెయిల్లు. ఇంట నున్న బల్ల యొక్కటే. దానిపై మూడుపూటలు కంచములు పెట్టవలెను. అందుచే పని ముగియగానే యెత్తి ప్రక్కనుంచదగిన చిన్న పనిబల్ల నొకదానిని వడ్రంగిచేత చేయించితిమి.

నగలపనికి సామాన్యపు బల్లకంటె ఎత్తైన బల్ల కావలెను. భోజనపు బల్ల యెత్తు సుమారు 75 సెంటీమీటర్లు. దానిపై వంగి సన్నపుపని చేసినచో మెడయు నడుమును నొచ్చును. పని రొమ్మెత్తున నున్నచో కంటికి దగ్గఱగ నుండును, వీపు వంగదు, మోచేతులకు ఆనిక దొరకును. కావున 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు గల పెట్టెవంటి బల్లను టేకుతో చేయించితిమి. దాని ముందంచున క్రిందికి దిగు పట్టె యొకటి గలదు. అది భోజనపు బల్ల యంచునకానుకొని, ఆకురాయి నెట్టునపుడు పనిబల్లను వెనుకకు జరుగనీయదు. రెండు మరబిగింపులు దానిని కదలకుండ పట్టియుంచును.

ముందంచు నడుమ చిన్న చెక్కముక్క యొకటి పనిచేయువారివైపు చొచ్చుకొని వచ్చును. దాని కొనను త్రికోణముగ గంటు కోయబడినది. నగలరంపపు పండ్లు పిడివైపు తిరిగియుండును గనుక, అది క్రిందికి లాగినపుడే కోయును. వెండిరేకు గంటుకిరుప్రక్కల ఆనుకొని వంగక నిలుచును. రంపము నడుమ ఆడును. ఈ చెక్క అరిగిపోవునది. అందుచే దానిని జిగురుతో నంటింపక, మార్చుకొనుటకు వీలుగా మరలతో బిగించితిమి.

చెక్క క్రింద ఒడివైపు లాగు సొరుగు గలదు. రాలిన రజనంతయు దానిలో పడును. కంసాలివీధుల మట్టిని కడిగి, అందలి బంగారమును వెదకి బ్రతికినవారు గలరని యెఱిగినవారికి రజను విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

నిప్పుపని విషయమున జాగ్రత్త మిక్కిలి యవసరము. వెండి 961 డిగ్రీల సెంటిగ్రేడున కరుగును. మాటు అంతకు ముందే కరుగవలెను. దీనికై కిటికీప్రక్కన ఇనుపపళ్లెములో అగ్గియిటుక నుంచితిమి. కొన్ని మాటులలో కాడ్మియము కలియును. దాని పొగ ఊపిరితిత్తులకు విషము. అది లేని మాటునే కొనవలెను. నగను శుభ్రపఱచు ఆమ్లమును వంటపాత్రలలో పోయరాదు. పని ముగిసినపిమ్మట బల్లను తడిగుడ్డతో తుడిచినగాని కంచములు పెట్టరాదు. ఇక కమ్మచ్చులో తీగె లాగుట, దాగలిపై గట్టిగా కొట్టుట ఈ బల్లపై తగవు. వానికి నేలయే మేలు.

మా మేనత్తగారు దీనిని చూచి, “ఈ కంసాలిపని మన యింటికేలరా?” అనిరి. “అత్తా, కంసాలి చేసిన మంగళసూత్రము మన మెడలకు తగినప్పుడు, కంసాలిపని మన చేతులకేల తగదు?” అని మేమంటిమి. కరీంనగరమున వెండితీగెతో అల్లు నగిషీపనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ విద్యను తరతరములుగా కాపాడినది కంసాలులే. వారి విద్యను నేర్చుకొనువారు దానిని చిన్నచూపు చూడరాదు.

అయితే కులపుమాటకంటె కష్టమైన సంగతి మఱియొకటి గలదు. బల్ల సులువుగా ఎత్తదగినది గనుక, ఇంటివారందఱును దానిని ఎప్పుడైన ఎత్తవచ్చునని తలంపసాగిరి. చుట్టము వచ్చినను, పిల్లవాడు పాఠము వ్రాయబోయినను, “అమ్మాయీ, ఆ బల్ల కొంచెము తీయుము” అనుటయే. మాటు వేయుచున్న నగను సగములో విడువ వీలుకాదు. వేడి తప్పినచో మఱల మొదలుపెట్టవలెను. మగవాడు కార్యాలయమున పనిచేయుచుండగా అతని మేజాను తీయుమని యెవరును కోరరు గదా! స్త్రీ యింట చేయు పని మాత్రము అందఱి పనులకును దారి విడువవలెనా?

అందుచే మా యింట నొక నియమ మేర్పఱచితిమి. ఉదయము పది గంటలు మొదలు ఒంటిగంటవఱకు ఆ బల్లను ఎవరును కదల్పరాదు. ఆ వేళ ఆకలిగొన్నవారు, అతిథులైనను సరియే, చాపపై కూర్చుండి భుజింతురు. ఇట్టి బల్ల చేయించుకొనువారు వడ్రంగికి కొలతలు వ్రాసియిచ్చునపుడు, ఇంటివారితో ఈ వేళలను గూడ నిశ్చయించుకొనవలెనని మా మనవి. నేలపై భోజనము మన పెద్దలకు క్రొత్త కాదు. మా మేనత్తగారికి అదియే యిష్టము కూడను.