సంతకెక్కిన బొంత

కోల్‌కతాకు సుమారు 150 కి.మీ. దూరాన ఉన్న బోల్‌పూర్‌లో రైలు దిగి, శాంతినికేతన్ దాటితే సోనాఝురి చెట్ల కింద సంత కనిపిస్తుంది. శనివారపు సంతగా మొదలైన ఈ ఎర్రమట్టి నేల మీద చూపు తిప్పుకోనివ్వనిది కాంథా కుట్టు. తస్సర్ చీరల నిండా చేపలు, తామరలు, తీగలు.

పుట్టుకతో ఇది పొదుపు విద్య. కట్టీ కట్టీ మెత్తబడ్డ చీరలను పొరలుగా పేర్చి, వాటి అంచుల నుంచే లాగిన రంగు దారంతో రన్నింగ్ స్టిచ్ వేసేవారు. పుట్టబోయే బిడ్డకు పక్కగుడ్డ, చలికాలానికి దుప్పటి తయారయ్యేవి. అమ్మకానికి కాదు, మధ్యాహ్నాల కాలక్షేపానికి. తెలుగిళ్లలోని బొంతకు ఇది దగ్గరి చుట్టమే.

1922లో ఠాగూర్ నెలకొల్పిన శ్రీనికేతన్ గ్రామీణ చేతిపనులకు ఊతమిచ్చింది. 2008లో పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు భౌగోళిక గుర్తింపు లభించింది. బీర్‌భూమ్ పల్లెల ఆడవాళ్లకు సూది రాబడి తెచ్చింది. కానీ ఇప్పుడు సంతకొచ్చే చీరల్లో చాలావరకు కుట్టేది కొత్త గుడ్డ మీద, కట్టేది మరొకరు. నిండుగా కుట్టిన చీర వెనుక నెలల పని ఉంటుందని బేరమాడేవారికి తట్టదు.

అసలు కాంథాకు పాత చీర, సూది చాలు. ఖరీదైనది తీరికే.