కదలనివ్వని ప్రేమ

ఆపరేషను చేయించుకొన్నవారిని పరామర్శించడానికి వెళ్లినప్పుడెల్లా నేను చేసిన తప్పొకటి వారితో చెప్పుకొంటాను. ఈ నెల మీతోనూ చెప్పాలనిపించింది.

2018 వానాకాలంలో మా అమ్మ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆమె వయస్సు 72. పట్నంలో ఆపరేషను చేసి తుంటి బంతి మార్చారు. మరునాడు ఉదయమే ఫిజియోథెరపీ అమ్మాయి వాకరు తీసికొని వచ్చి, "మామ్మగారూ, లేద్దామా?" అన్నది. నాకు కోపం వచ్చింది. "కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి గదమ్మా!" అన్నాను. ఆమె నవ్వి, అమ్మను లేపి నాలుగడుగులు వేయించింది. అమ్మ "అబ్బా" అన్నప్పుడల్లా నేను ముఖం తిప్పుకొన్నాను.

ఇంటికి వచ్చాక అందరిదీ ఒకటే మాట: "పెద్దామెను కదిలించకండి అయ్యగారూ." నేనూ మంచం దగ్గర ప్రార్థించి, దుప్పటి సరిచేసి, "పడుకో అమ్మా" అనేవాడిని. అదే ప్రేమ అనుకొన్నాను. గోడకు ఆనించిన వాకరు మీద తువ్వాళ్లు ఆరేసేవాళ్లం.

మూడవ వారానికి నడుము కింద చర్మం కమిలింది. తొడ సన్నబడింది. రొమ్ములో కఫం చేరింది. అమ్మ మాట్లాడడమే తగ్గించింది. భయపడి మళ్లీ పట్నం తీసికొనిపోయాము.

ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "ఎముక పని డాక్టరుగారు చేశారండి. కండరం పని మామ్మగారు చేయాలి. చేయనివ్వనిది మీరే" అన్నది. కదలకుండా పడుకొంటే కాళ్ల రక్తనాళాలలో రక్తం గడ్డకట్టవచ్చుననీ, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పనీ వివరించింది. నేను తల వంచుకొన్నాను.

మరునాటినుండి నా భార్య పూనుకొన్నది. పాదాలు పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరం బిగించి 5 అంకెలు లెక్కపెట్టి వదలడం, గట్టిగా ఊపిరి పీల్చి వదలడం, వాకరుతో వాకిలిదాకా నడవడం. పీటమీద, నేలమీద కూర్చోనివ్వలేదు. గొంతుకూర్చోవడం లేకుండా కుర్చీ మరుగుదొడ్డి ఏర్పాటు చేశాము. మొదటిరోజు అమ్మ ఏడ్చి, "నీకు నామీద జాలి లేదురా" అన్నది. ఆపరేషను బిల్లుకంటె ఆ మాట బరువైంది. అయినా చేయి వదలలేదు.

రెండు నెలలకు అమ్మ చేతికర్రతో గుడికి నడిచి వచ్చి కుర్చీలో కూర్చున్నది. కొంచెం కుంటు మిగిలింది. ఆ మూడు వారాలు పోగొట్టకపోతే అదీ ఉండేది కాదేమో!

ఆపరేషను ఏదైనా, ఆసుపత్రి విడిచేముందే ఏ కసరత్తు, ఎన్నిసార్లు, ఏది చేయకూడదు అని అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. ఒకరి కసరత్తు మరొకరికి పనికిరాదు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసికొనిపోండి.

ఈసారి రోగిని చూడబోయేటప్పుడు పండ్లతోబాటు ఒక అరగంట తీరిక కూడ తీసికొనిపోండి. డాక్టరు నడవమన్నారేమో అడగండి. నడవమని ఉంటే పక్కన నిలిచి, వాకిలిదాకా తోడు నడవండి.