కొండ మీది నిప్పు, స్కూటరులోని రవ్వ

తర్కశాస్త్రంలో అడుగుపెట్టిన విద్యార్థికి మొదట ఎదురయ్యేది కొండ మీది పొగయే. పొగ ఉన్నది గనుక నిప్పు ఉన్నదని అనుమానం. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దీనిని బాలురకు సైతం బోధపడేటట్లు చెప్పాడు. అయితే దీనిని తిరగవేసి, నిప్పు ఉన్నది గనుక పొగ ఉన్నదని అనరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె ఉండాలి. ఆ తడికట్టె సంయోగమే అక్కడ ఉపాధి. హేతువు వలె కనబడేదాని వెనుక దాగి కార్యాన్ని నిజంగా నడిపేది అదే.

ఈ ఉపాధివిచారం రేపల్లెలోని ఒక అర్చకస్వామికి పాత చేతక్ స్కూటరు విషయంలో అక్కరకు వచ్చింది. ముప్పై ఏళ్ళ నాటి బండి, రెండవ చేతి కొనుగోలు. ఆయనకు ఊరిలో ఒక ఆలయం, బాపట్ల మార్గంలో చెరుకుపల్లి దాటాక మరొక గ్రామాలయం. ధనుర్మాసంలో మొదటిచోట ఆరాధన ముగించి, రెండవచోట సూర్యోదయంలోపు నివేదన చేయాలి. బండి ప్రతిదినం నడిమార్గంలో ఆగిపోసాగింది. మూడు పర్యాయాలు స్వామికి పొంగలి ఆలస్యమైంది. గ్రామపెద్దలు మర్యాదగానే అన్నారు: “స్వామీ, మీకు దూరాభారం అవుతున్నదేమో. దగ్గరలో ఎవరినైనా చూసుకోమంటారా?” ఆ మర్యాదలోని అర్థం ఆయనకు తెలుసు.

బండి ఆగినప్పుడల్లా ఆయన అందరివలెనే చేసేవారు. ఒక ప్రక్కకు వంచి, నిలబెట్టి, కిక్కు కొట్టడం. చేతక్ నడిపిన తరానికి ఇది సంధ్యావందనమంత అలవాటు. వంచితే కార్బురేటరులో పెట్రోలు పొంగి ఇంజనులోకి చేరుతుంది. కాని లోపం రవ్వలో ఉన్నప్పుడు వంచినకొద్దీ ప్లగ్గు మరింత తడుస్తుంది. అందుకే ముందు ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది, అగ్ని రావడం లేదు. ఆయన ప్లగ్గు తడిగానే ఉన్నది.

దారిలో కనబడిన వారంతా ప్లగ్గునే దోషిగా నిలబెట్టారు. నూనె కలిపిన పెట్రోలుతో నడిచే బండి కనుక ప్లగ్గుకు మసి పట్టడం సహజమే, ఆ మాట పూర్తిగా అసత్యం కాదు. ఎవరో ఒకరిని పిలిచి, ప్లగ్గు తీయించి, గరుకు కాగితంతో రుద్దించి బిగించేసరికి అరగంట పట్టేది, బండి కదిలేది. ఈ విధంగా నాలుగు క్రొత్త ప్లగ్గులు మారాయి. ప్లగ్గు శుభ్రమైతే బండి కదులుతుందన్న వ్యాప్తి అందరి మనస్సులలో స్థిరపడింది.

బాల్యంలో చదివిన తర్కం ఆయనను ఊరుకోనివ్వలేదు. ఒకనాడు బండి ఆగగానే రెండు నిమిషాలలో ప్లగ్గు మార్చి కిక్కు కొట్టారు. కదలలేదు. మరునాడు ప్లగ్గును తాకనే లేదు, గట్టు మీద అరగంట కూర్చున్నారు. ఒకే కిక్కుకు బండి లేచింది. ప్లగ్గు శుద్ధి ఉన్నా కార్యం లేదు, అది లేకున్నా కార్యం ఉన్నది. కాకతాళీయమైన కీర్తి ప్లగ్గుకు దక్కింది. ఆ అరగంటలో ఇంజను చల్లబడుతున్నది, అదీ ఉపాధి. వైశాఖపు ఎండలో తెనాలికి బయలుదేరి భట్టిప్రోలు దగ్గరే ఆగిన బండి, ధనుర్మాసపు మంచులో దాదాపు చెరుకుపల్లి వరకు ఎందుకు పోతున్నదో కూడా ఇప్పుడు స్పష్టమైంది.

వేడెక్కితే చెడి, చల్లబడితే కోలుకునే అంగం ఏది? దీనికి శాస్త్రం చాలదు, మెకానిక్కు కావాలి. మధ్యలో రెండుమార్లు విశ్రమిస్తూ వేమూరు మీదుగా తెనాలి చేరారు. అక్కడి వృద్ధ మెకానిక్కు, ఒక సాయిబుగారు, వృత్తాంతమంతా విని, “పంతులుగారూ, ప్లగ్గు జోలికి పోవద్దు. బండి వేడిగానే ఉండనీయండి” అని, మాగ్నెటో మీది మూత తీసి దీపం ఆర్పించాడు. తిరిగే చక్రపు కన్నంలోనుండి చూస్తే పాయింట్ల నడుమ పసుపుపచ్చని మెరుపులు! పాయింట్లు విడివడే క్షణంలో అక్కడి విద్యుత్తును కండెన్సరు తనలోకి తీసుకోవాలి. అప్పుడే ప్రవాహం ఠక్కున తెగి, కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు వద్ద నీలి రవ్వ వస్తుంది. కండెన్సరు లోపలి పొర వృద్ధాప్యంలో వేడికి తాళలేదు. రావలసిన చోట రాని అగ్ని, రాకూడని చోట వెలుగుతున్నది.

ప్లగ్గును ఇంజను లోహానికి ఆనించి రవ్వ చూపించాడు, ప్లగ్గు రంధ్రానికి దూరంగా, పెట్రోలు ఆవిరికి అందకుండా. ఎర్రని, నీరసమైన రవ్వ. చిన్న గొట్టమంత కండెన్సరు మార్చి, గుంటలు పడిన పాయింట్లను కూడా మార్చి, ఎడం సరిచేశాక అది నీలంగా చిటపటలాడింది. క్రొత్త ప్లగ్గు వేయమని అర్చకులు అడిగితే, సంచిలోని పాతవాటిలో మొదటిదానినే తీసి బిగించాడు.

ఆ ధనుర్మాసంలో మిగిలిన దినాలన్నీ పొంగలి వేళకే నివేదన అయింది. కిక్కు కొట్టేముందు బండిని ప్రక్కకు వంచడం మాత్రం ఆయన ఇంకా మానలేదు.