బక్షీసు పెట్టి తీసిన బొమ్మ

ఈ సంచికకు ముఖచిత్రముగా వేయడానికి మేము ఆఫ్రికాలో తీసిన చీతా ఛాయాచిత్రాన్ని ఇవ్వవలసిందిగా పత్రికా సంఘంవారు కోరారు. స్టాఫ్ రూములో ఆ బొమ్మను చూచినవారందరూ మెచ్చుకొన్నారు. జంతుశాస్త్ర శాఖవారు దానిని పెద్దదిగా చేయించి ప్రయోగశాల గోడకు తగిలిస్తామన్నారు. ఉర్దూ శాఖలోని మిత్రులొకరు దానిమీద అప్పటికప్పుడు ఒక షేర్ కూడా చెప్పారు. ఇంత ఆదరం పొందిన బొమ్మను ఇవ్వడానికి మేము వెనుకాడడం కొందరికి బెట్టుగా తోచింది. బెట్టు కాదు. ఆ బొమ్మ ఎట్లా వచ్చిందో చెప్పకుండా దానిని అచ్చు వేయించుకోవడం మాకు మనస్కరించలేదు. అందుచేత దానికి బదులు ఈ వ్యాసాన్ని సమర్పిస్తున్నాము.

మా పెద్ద ఆపా, దూల్హాభాయి నైరోబీలో కాపురముండి పన్నెండేండ్లయింది. దూల్హాభాయి అక్కడ ఒక వర్తక సంస్థలో లెక్కలు చూస్తారు. ఏటా వారు రమ్మని పిలవడం, మేము పరీక్షలనో, పేపర్లు దిద్దడమనో చెప్పి తప్పించుకోవడం ఆనవాయితీగా నడిచింది. అసలు కారణం విమానం టిక్కెట్టని ఉభయులకూ తెలుసు. చివరకు 2023లో, రెండేండ్లుగా కూడబెట్టిన సొమ్ముతో, దసరా సెలవులకు మరికొన్ని రోజుల సెలవు కలుపుకొని బయలుదేరాము. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు తమ కెమెరాను, 300 మిల్లీమీటర్ల లెన్సును, ఆడపిల్లను అత్తవారింటికి పంపినంత దిగులుతో మా చేతిలో పెట్టారు. అంతవరకు మేము తీసిన బొమ్మలన్నీ కళాశాల వార్షికోత్సవాలలో బహుమతులందుకొంటున్న విద్యార్థులవే. వారు కదలక నిలబడతారు. పైగా మనవైపే చూస్తారు.

నైరోబీ నుండి మసాయి మారాకు జీపులో ఇంచుమించు ఆరు గంటల దారి. ఆపా, దూల్హాభాయి, ఎనిమిదేండ్ల మేనకోడలు, మేము. డ్రైవరు నలుబది దాటిన మనిషి, మితభాషి. ఆయనతో మాటలు కలపడానికి మాకు దొరికిన సాధనం భాషే. సఫారీ అనగానే మనకు వేటో, వినోదమో స్ఫురిస్తుంది. స్వాహిలీలో దానికి ప్రయాణమని మాత్రమే అర్థం. అరబ్బీలోని సఫర్ ఆఫ్రికా తూర్పు తీరంలో దిగి సఫారీ అయింది. మన దేశంలో దిగి సఫర్‌గానే నిలిచింది. మన కితాబు వారికి కితాబు, ఖబర్ హబారి, రఫీక్ రఫికి, వక్త్ వకాతి. ఒక్కొక్క మాట కలిసినప్పుడల్లా ఆయన స్టీరింగుమీద వ్రేళ్ళతో దరువు వేసి నవ్వేవాడు. ఇట్లా కలిసిన మాటలలో ఒకటి మరునాడు మాకు పనికివస్తుందని అప్పుడు తెలియదు.

మారా రక్షిత ప్రాంతం 1961లో ఏర్పడింది. దాని వైశాల్యం 1,510 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన టాంజానియా సరిహద్దు దాటితే సెరెంగెటి. మనుష్యులు గీసిన ఆ గీతతో జంతువులకు నిమిత్తం లేదు. పది లక్షలకు పైబడిన విల్డెబీస్టులు పచ్చికను, వానలను వెదకుకొంటూ ఏడాది పొడుగునా ఈ రెండింటి నడుమ తిరుగుతూనే ఉంటాయి. మేము వెళ్ళేనాటికి వాటి మందలు చాలావరకు దక్షిణానికి మరలుతున్నవి. అరణ్యమని మనసులో ఊహించుకొని వెళ్ళినవారికి అక్కడ అరణ్యమే కనబడదు. కనుచూపుమేర గడ్డి, అక్కడక్కడ గొడుగు పట్టినట్లు ఒక తుమ్మజాతి చెట్టు, అంతే. కెన్యాలో 1977 నుండి వినోదపు వేట నిషిద్ధం. తుపాకులు పోయి కెమెరాలు వచ్చాయని దూల్హాభాయి చెప్పగా మేము ఎంతో సంతోషించాము. రక్తం చిందని వేట యిది అని డైరీలో వ్రాసుకొన్నాము కూడా. ఆ పుట ఇప్పటికీ ఉంది.

మొదటినాడు మాకు ఆకలిదప్పులు తెలియలేదు. ఏనుగులు, జిరాఫీలు, నీడన పడి నిద్రపోతున్న సింహాలు. జీపు పైకప్పు ఎత్తి నిలబడితే నాలుగు దిక్కులా చూడవచ్చు. ఆపా తన పాత దుపట్టాతో చిన్న సంచి కుట్టి రాజ్మా గింజలు నింపి యిచ్చింది. దానిని కప్పు అంచున పెట్టి, దానిమీద లెన్సు ఆనిస్తే చేయి వణకదు. ఇంజను ఆపకపోతే మాత్రం ఏ సంచీ కాపాడలేదు, బొమ్మ చెదిరిపోతుంది. పరుగెత్తే జంతువుకు షట్టరు సెకనులో వెయ్యవ వంతు కాలమైనా ఉండాలి. ఉదయం తొమ్మిది దాటితే వెలుతురు తెల్లబడి బొమ్మ చప్పబడిపోతుంది. ఇవన్నీ మిత్రులు కాగితంమీద వ్రాసి యిచ్చిన సూత్రాలు. మధ్యాహ్నం డ్రైవరు వ్రేలు చూపి "స్వాలా" అన్నాడు. నమాజు వేళయిందని గుర్తుచేస్తున్నాడనుకొని మేము గడియారం చూచుకొన్నాము. దూల్హాభాయి పగలబడి నవ్వారు. స్వాహిలీలో స్వాలా అంటే నమాజూ ఔను, జింకా ఔను! ఆ రోజు ఆరువందలకు పైగా బొమ్మలు తీశాము. రాత్రి గుడారంలో చూచుకొంటే వాటిలో ఏనుగుల వెనుకభాగాలే అధికం.

రెండవనాడు ఫజర్ నమాజు ముగించుకొని చీకటితోనే బయలుదేరాము. సూర్యుడు రెండు బారలు ఎక్కేసరికి డ్రైవరు బండి ఆపి, దూరాన ఒక చెదపుట్టను చూపి, "దూమా" అన్నాడు. దూమా అంటే చీతా. దుర్భిణిలో చూచాము. పుట్టమీద తల్లి నిటారుగా కూర్చుండి ఉంది. క్రింద గడ్డిలో మూడు పిల్లలు, వీపుమీద బూడిదరంగు జూలుతో.

ఇక్కడ తెలుగు పంతులుగా ఒక మాట చెప్పుకోనివ్వండి. చీతా అన్న మాట మనదే. సంస్కృతంలోని చిత్ర శబ్దం నుండి, చుక్కలుగలది అన్న అర్థంలో, హిందీలో చీతా అయి అక్కడినుండి లోకమంతా వ్యాపించింది. చిత్రమంటే బొమ్మ, చిత్రమంటే వింత, చిత్రమంటే ఆ జంతువు. ఈ సంగతి గుర్తుకు వచ్చి ఆ క్షణాన మాకు పట్టరాని ఉత్సాహం కలిగింది. ఆ ఉత్సాహమే మమ్మల్ని చెడగొట్టిందనుకొంటాము.

మా లెన్సులో ఆ తల్లి బియ్యపుగింజంత కనబడింది. మేము దగ్గరకు పోనిమ్మన్నాము. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. బాట వదలి గడ్డిలోకి బండి దించరాదు. ఒక జంతువు చుట్టూ అయిదు బండ్లకు మించి నిలవరాదు. పైగా అది ఇప్పుడు వేటకు చూచుకొంటున్నది, కదిలిస్తే బాగుండదు. ఇదంతా మెల్లగా ఇంగ్లీషులో చెప్పి, చివర "పోలె పోలె" అన్నాడు. తొందరపడవద్దని. మేము తొందరపడ్డాము. ఇంత దూరం వచ్చి బియ్యపుగింజను తీసికొనిపోవడమా అనిపించింది. రెండేండ్ల పొదుపు, మిత్రుని లెన్సు, స్టాఫ్ రూములో చూపవలసిన ముఖాలు, అన్నీ ఒకేసారి మనసులో మెదిలాయి. ముందుకు వంగి ఆయన చెవిలో పడేటట్లు ఒక మాట అన్నాము. "బక్షీషి". స్వాహిలీలోనూ అదే మాట. ఎవ్వరూ తర్జుమా చేయనక్కరలేదు.

ఆయన అద్దంలో ఒకసారి మా ముఖం చూచాడు. తరువాత బండిని గడ్డిలోకి దించాడు.

ఒక బండి బాట దిగితే చాలు, తక్కినవారికి అక్కడేదో ఉందని తెలిసిపోతుంది. డ్రైవర్లకు తమలో తమకు రేడియోలు కూడా ఉంటాయి. పది నిమిషాలలో పన్నెండు బండ్లు పోగయ్యాయి. అప్పటికి తల్లి పుట్ట దిగి, పొట్ట నేలకానించి, దూరాన మేస్తున్న జింకలవైపు అడుగులో అడుగు వేస్తూ సాగుతున్నది. చీతా గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు గాని ఆ వేగం కొన్ని వందల మీటర్లకు మించి నిలవదు. కాబట్టి వీలైనంత దగ్గరకు నక్కి చేరడంలోనే దాని విద్య అంతా ఉంది. సింహాలకు, హైనాలకు ఎదురు నిలిచే బలం దానికి లేదు. వాటి అలికిడి తక్కువగా ఉండే పగటిపూటనే ఎక్కువగా వేటాడుతుంది. ఆ వేళనే మేమూ బయలుదేరుతాము.

మా వెనుకవచ్చిన ఒక బండి మమ్మల్ని దాటి ముందుకు పోబోయింది. మేము మా డ్రైవరును ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాము. ఇంజను మ్రోతకు జింకలు తలలెత్తాయి. ఇక నక్కడానికి వీలులేక తల్లి ఉన్నచోటనుండే పరుగు తీసింది. షట్టరు టపటప కొట్టుకొన్నది. ఆ పరుగును వర్ణించడం మాకు చేతకాదు. నిజం చెప్పాలంటే మేము దానిని చూడనేలేదు, లెన్సు కంతలోనుండి గడ్డిని, దుమ్మును చూచాము. తల ఎత్తేసరికి జింకలు ఎక్కడో ఉన్నాయి. చీతా ఆగిపోయి ఉంది.

అది తిరిగి పిల్లలవైపు నడచి వచ్చే దారిలో మేమున్నాము. పదిహేను అడుగుల దూరంలో నిలిచి, డొక్కలు ఎగరవేస్తూ, నోరు తెరచి, తిన్నగా మా లెన్సులోకి చూచింది. కళ్ళనుండి నోటివరకు జారిన ఆ నల్లని చారలు, తేనెరంగు కళ్ళు, వాటిలో మా జీపు నీడ. మీరందరూ మెచ్చుకొన్న బొమ్మ అదే. చూపులో ఎంత రాజసముందో అన్నారు ఒకరు. దానికి ఊపిరి అందడం లేదు, అంతే.

మా మేనకోడలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మా చొక్కా పట్టి లాగి, "మామూ, ఇప్పుడు దాని పిల్లలకు నాస్తా లేదు కదా?" అన్నది. ఆపా "చుప్" అని మందలించింది. మందలించవలసినది పిల్లను కాదు. దూల్హాభాయి మాకు నొప్పి కలుగకూడదని, సాయంకాలం మళ్ళీ వేటాడుతుందిలే అన్నారు. వేటాడి ఉండవచ్చు. మేము చూడలేదు గనుక చెప్పలేము.

గుడారానికి చేరిన తరువాత డ్రైవరుకు మాట ప్రకారం డబ్బు ఇచ్చాము. ఆయన లెక్కపెట్టకుండా జేబులో వేసికొన్నాడు. అన్నిసార్లు స్టీరింగుమీద దరువు వేసిన మనిషి, ఆ సాయంకాలం మేము కలిపిన ఒక మాటకు నవ్వలేదు. ఆయనను తప్పుపట్టే హక్కు మాకు లేదు. బండి ఆయనదే గాని ఆ పూట తోలినది మేము.

ఇంటికి వచ్చిన తరువాత కొంత చదివాము. 2018లో వెలువడిన ఒక పరిశోధన సరిగ్గా ఆ మారా చీతాల గురించినదే. యాత్రికుల రాకపోకలు తక్కువగా ఉన్న చోట ఒక్కొక్క ఈతకు సగటున 2.3 పిల్లలు పెరిగి పెద్దవవుతుండగా, మిక్కిలి ఎక్కువగా ఉన్న చోట ఆ సగటు 0.2 మాత్రమే. ప్రపంచమంతటా అడవిలో మిగిలిన చీతాలు సుమారు 7,000. వాటిని చూచి ఆనందించడానికి వచ్చేవారి డబ్బుతోనే ఆ గడ్డిభూములు దున్నబడకుండా నిలిచి ఉన్నవన్నది కూడా అబద్ధం కాదు. ఈ రెండు సంగతులను ఒకదానిప్రక్క ఒకటి పెట్టుకొని ఏమి చేయాలో మాకు తోచలేదు.

మన దేశపు చీతాల కథ విద్యార్థులకు తెలిసే ఉంటుంది. అక్బరు వేటకోసం వందలకొలది చీతాలను పెంచాడు. అడవినుండి పట్టి తెచ్చుకోవడమే గాని పంజరంలో అవి పిల్లలను పెట్టడం అరుదు, పట్టినకొలది తరిగిపోయాయి. 1947లో, నేటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కోరియా సంస్థానపు మహారాజా రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ ఒకే రాత్రి మూడింటిని కాల్చాడు. మన దేశంలో చివరివిగా చెప్పుకొనేవి అవే. 1952లో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. 2022లో నమీబియా నుండి తెచ్చి కూనోలో విడిచిన సంగతి పత్రికలలో చూచాము. అయితే ఆ మూడింటికీ ఒక ఛాయాచిత్రం ఉంది. వరుసగా పడుకోబెట్టిన కళేబరాలు, వెనుక తుపాకితో నిలిచిన రాజు. ఆ బొమ్మను చూచి మేము ఆయనను నిందించబోయాము. ఇంతలో మా డైరీలోని పుట జ్ఞప్తికి వచ్చింది.

మూడవనాటి సంగతి చెప్పి ముగిస్తాము. ఆ రోజు విజయదశమి. నిన్నటి చోటికి పోదామా అని డ్రైవరు అడిగాడు. వద్దు, మీకు నచ్చిన చోట ఆపండి అన్నాము. ఆయన బాటమీదనే, ఒక ఎండిన చెట్టుకు దూరంగా బండి ఆపి, ఇంజను కట్టివేశాడు. అరగంటసేపు ఏమీ రాలేదు. తరువాత ఒక పిట్ట వచ్చి కొమ్మ చివర వాలింది. ఊదారంగు రొమ్ము, రెక్క విప్పితే మెరసిన నీలం. మన పాలపిట్టకు దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి. సరిగ్గా ఆ వేళకు మన ఊళ్ళలో జనం పాలపిట్టను చూడడానికి పొలాలవెంట తిరుగుతూ ఉంటారు. పొలాలదాకా పోలేనివారి కోసం దానిని పట్టి పంజరంలో పెట్టి వీధిలో చూపించి డబ్బులు అడిగేవారూ ఉన్నారు. ఆ పంజరానికి మేమూ చిన్నప్పుడు నాణెం వేశాము.

మేనకోడలు దుర్భిణి తీసికొని, "పాలపిట్ట!" అని గొంతు తగ్గించి అరచింది. డ్రైవరు వెనుదిరిగి ఆ మాటను ఒకసారి పలికి చూచాడు. మేము ఉన్నచోటనుండే ఒక్క బొమ్మ తీశాము.

పత్రికా సంఘంవారికి కావలసివస్తే ఆ బొమ్మ ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. మొన్న ఒక సభ్యులకు చూపాము. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు వెదకి, "ఆకాశం బాగుంది సార్, పిట్ట ఏదీ?" అన్నారు. వ్రేలు పెట్టి చూపవలసివచ్చింది.