బార్సిలోనా ఈత కొలను

పిల్లలూ! స్పెయిన్ దేశంలో మధ్యధరా సముద్రపు ఒడ్డున బార్సిలోనా అనే మహానగరం ఉంది. దానికి ఒకవైపు సముద్రం, వెనక కొండలు. రేవు పక్కనే మొంజుయిక్ అనే గుట్ట ఉన్నది. 1992లో ఆ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు డైవింగ్ పోటీలు ఆ గుట్టమీది కొలనులోనే పెట్టారు. ఎత్తైన పలక మీదినుంచి దూకేవాళ్ళు, కింద ఉన్న ఊరి మీదుగా ఎగిరిపోతున్నట్టు ఫోటోలలో కనిపిస్తారు.

సముద్రం చెంతనే ఉన్నా, చలికాలంలో కూడా ఈదటానికి అక్కడివారు పైకప్పు ఉన్న కొలనులు కట్టుకున్నారు. అటువంటి కొలను తలుపు తీసుకుని మనం లోపలికి పోయామనుకోండి. అన్నిటికన్న ముందు మనకు ఎదురయ్యేది వాసన! ముక్కు చురుక్కుమంటుంది. "క్లోరిన్ బాగా కలిపారు, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నమాట" అనుకుంటాం. కాని ఆ వాసన కథ వేరు.

నీళ్ళలో క్లోరిన్ కలపకపోతే విరేచనాలూ, చర్మవ్యాధులూ ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయి. కనక కలపవలసిందే. అయితే ఇది క్రిమి, ఇది చెమట అనే భేదం క్లోరిన్‌కు తెలియదు. మన ఒంటి చెమట, తలనూనె, పౌడరు, ఏది దొరికితే దానితో కలుస్తుంది. చెమటలోనూ, మూత్రంలోనూ ఉండే యూరియాతో కలిసినప్పుడు ట్రైక్లోరమైన్ అనే పదార్థం పుడుతుంది. అది నీళ్ళలో నిలవక గాలిలోకి లేస్తుంది. ముక్కుకు తగిలే ఘాటూ, కళ్ళ మంటా, దగ్గూ చాలావరకు దాని చలవే! ఈదేవాడి ముక్కు నీటికి జానెడు ఎత్తున కూడా ఉండదు కదా, అందుచేత ఒడ్డున కూర్చున్నవాడి కన్న అతనికే ఎక్కువ అందుతుంది.

క్లోరిన్ వల్ల పుట్టేది ఇదొక్కటే కాదు. బార్సిలోనా శాస్త్రజ్ఞులు ఒక చిత్రమైన పరీక్ష చేసి, 2010లో దాని ఫలితాలు ప్రకటించారు. 49 మంది పెద్దవాళ్ళను పైకప్పు ఉన్న కొలనులో 40 నిమిషాలు ఈదమన్నారు. ఈతకు ముందూ, తరవాతా వారు వదిలిన ఊపిరిని పట్టి పరీక్షించారు. క్లోరోఫారమూ, దాని జాతికే చెందిన మరి మూడు పదార్థాలూ ఈత తరవాత సుమారు ఏడు రెట్లు పెరిగాయి! క్లోరోఫారం అంటే, పూర్వం శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు ఇచ్చేవారే, అదే. అది ఎంతవరకు ప్రమాదం లేనిదో తేల్చటానికి 1888, 1889లలో నిజాం ప్రభుత్వం హైదరాబాదులో రెండు సంఘాలు వేసింది. కొలనులో ఉండేది మత్తు కలిగించేటంత కాదు, అతి స్వల్పం. అయినా అది ఊపిరితోనూ, చర్మంగుండానూ ఒంట్లోకి వస్తుంది.

పరీక్షకు వచ్చినవారి ఊపిరితిత్తుల పనిలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. ఈత మానమని ఆ శాస్త్రజ్ఞులు చెప్పనూ లేదు. ఈత మంచి వ్యాయామం, నీళ్ళలో ఈ పదార్థాలు తగ్గిస్తే మరింత మంచిదన్నారు. (తల్లిదండ్రులు ఈ మాట గమనించాలి. భయపడి పిల్లలను ఈతకు పంపకపోవటం తెలివైన పని కాదు. ఈత రాక మన చెరువుల్లో, కాలవల్లో ఏటా ఎందరు పిల్లలు పోతున్నారో వార్తలు చూసేవారికి తెలుసు.)

మరి తగ్గించటం ఎవరి చేతిలో ఉంది? కొంత కొలను నడిపేవారి చేతిలో, కొంత దిగేవారి చేతిలో. కెనడాలో దీనికి లెక్క కట్టారు. కొన్ని తినుబండారాలలో వేసే ఒక కృత్రిమ తీపి పదార్థం ఒంట్లో మార్పు చెందకుండా మూత్రంతోపాటు బయటికి వచ్చేస్తుంది. కొలను నీటిలో ఆ తీపి ఎంత ఉందో చూస్తే మూత్రం ఎంత కలిసిందో తెలుస్తుంది. 2017లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, సుమారు 8 లక్షల 30 వేల లీటర్ల కొలనులో 75 లీటర్ల మూత్రం ఉన్నది. అంటే అయిదారు బిందెలు! రాజుగారు పాలతో కోనేరు నింపమంటే, ఊరివారంతా తన ఒక్కడి సంగతి ఎవరికి తెలుస్తుందిలే అని తలా ఒక చెంబు నీళ్ళు పోసిన కథ మీరు వినే ఉంటారు.

మన ఊళ్ళలో చాలా కొలనులకు పైకప్పు ఉండదు. గాలి వీచి, ఆ ఘాటును ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంది. కప్పు ఉన్న కొలనుకు వెళ్ళినప్పుడు మాత్రం గాలిని బయటికి పంపే పంకాలు తిరుగుతున్నాయో లేదో చూడండి. దిగే ముందు జల్లు కింద ఒక్క నిమిషం నిలబడి ఒళ్ళు రుద్దుకుంటే చెమటా, నూనే చాలావరకు అక్కడే పోతాయి. ఆ జల్లు కొళాయి పనిచేయకపోతే మీ ఈత మాస్టరుగారికి చెప్పండి.